చందా పుస్తకము – ప్రభుత్వ పర్యవేక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు బీరువాలలోని గ్రంథములెంత ముఖ్యములో, కార్యదర్శి పెట్టెలోని ఒక పాత పుస్తకమును అంత ముఖ్యము. అది చందా పుస్తకము. దానిని ఎవరును ఇంటికి తీసికొనిపోయి చదువరు. అందు కథ లేదు, పద్యము లేదు. పేర్లును అంకెలును మాత్రమే కలవు. అయినను ఆ అంకెలు నిజమైనవి గనుకనే మిగిలిన గ్రంథములన్నియు బీరువాలలోనికి వచ్చినవి. ధర్మకార్యముల పేర ప్రజలయొద్ద సొమ్ము వసూలు చేయువారిని ప్రభుత్వము ఎంతవఱకు అదుపులో ఉంచవలెను, ఎచట ఆగవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము.

పూర్వము గ్రామములలో ఈ ప్రశ్నకు తావు తక్కువ. పంట నూర్చిన దినమున కళ్ళమునొద్దకు వచ్చి చేట పట్టినవానికి రైతు దోసెడు గింజలు పోయుచుండెను. గుడి గోపురమునకు చందా ఇచ్చినవాడు మఱునాడు ఆ దారిన పోవుచు, సున్నపు గానుగ తిరుగుచున్నదో లేదో కన్నులార చూచుచుండెను. చెఱువునకిచ్చిన రూపాయి మట్టియై కట్టమీద కానవచ్చుచుండెను. అట్టి చోట లెక్క అడుగుటకు చట్టమక్కఱలేదు; రచ్చబండయే చాలును.

దాతకును, దానము చేరవలసిన చోటికిని నడుమ దూరము పెరిగిననాడు పరిస్థితి మారినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసినపుడు ఎక్కడెక్కడి ప్రజలో సొమ్మును, బట్టలును, బియ్యమును పంపిరి. వారిలో పెక్కురు దివిసీమను ఎన్నడును చూచినవారు కారు, దివిసీమవారును వారినెఱుగరు. ఇరువురినీ ఎఱిగినవాడు నడుమ నిలిచి సొమ్ము చేరవేయువాడొక్కడే. అతడు సత్యసంధుడైనచో అతనికి నమస్కారము. కానిచో ఎవరు పట్టుకొందురు? నేడు ఆ దూరము మఱింత పెరిగినది. ఫోను తెరపై ఒక రోగి బొమ్మయు, దానిక్రింద సొమ్ము పంపు గుర్తును కానవచ్చును. వ్రేలు తాకించిన క్షణములో సొమ్ము చేయి దాటిపోవును.

"సొమ్మొకడిది, సోకొకడిది" అని పెద్దలు ఊరకే అనలేదు. అయితే కల్ల రశీదు పట్టుకొని తిరుగువాడు ఎత్తుకొనిపోవునది పది రూపాయలు మాత్రమే కాదు. అతనిచే మోసపోయిన గృహస్థు మఱునాడు తలుపు వేసికొనును. నిజముగనే బిడ్డ వైద్యమునకై చేయి చాపిన తల్లి ఆ మూసిన తలుపు ముందు నిలుచును. సొమ్ము పోయినవాడు మఱల సంపాదించుకొనవచ్చును. చెడిన నమ్మకము అంత సులభముగ తిరిగి రాదు. కావుననే ఈ విషయమున ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు.

ఇంగ్లండు దేశమువారు ఈ సంగతిని చాల ముందుగ గుర్తించిరి. ఎలిజబెత్ రాణి కాలమున, 1601లో, ధర్మనిధుల దుర్వినియోగమును విచారించుటకు ఒక చట్టము చేయబడెను. 1853లో ధర్మసంస్థలపై శాశ్వతమైన కమిషను ఏర్పడెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున సైనికుల పేర, వారి కుటుంబముల పేర నిజమైన వసూళ్ళతోపాటు కపటపు వసూళ్ళును బయలుదేరగా, 1916లో యుద్ధ ధర్మసంస్థలు రిజిష్టరు కావలెననియు, లెక్కలు ఉంచవలెననియు నిర్బంధించిరి. 1939లో ఇంటింటి వసూళ్ళకై ప్రత్యేకముగ ఒక చట్టము వచ్చెను. దానినిబట్టి వసూలునకు ముందుగ లైసెన్సు పొందవలెను. ఇంటికి వచ్చినవాడు అధికార పత్రమును, బిళ్ళను కలిగియుండవలెను. వసూలైన సొమ్ములో ధర్మకార్యమునకు చేరు భాగము మఱీ తక్కువయని తోచినను, వసూలు చేయువారి ప్రతిఫలము మితిమీరినను, అడుగువాడు తగినవాడు కాకున్నను లైసెన్సు నిరాకరింపవచ్చును.

ఇది వినుటకు సమంజసముగనే యున్నది. కాని లైసెన్సు వ్రాయు కలము ఎవరి చేతిలోనిది? ఏది ధర్మము, ఏది కాదు అని ఆ కలము పట్టినవాడే నిర్ణయించినచో ఏమగును? ఈ ప్రశ్న అమెరికా దేశమున న్యాయస్థానములకెక్కినది.

1938లో కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూహేవెన్ పట్టణమున న్యూటన్ కాంట్వెల్ అనునతడును, అతని కుమారులిద్దఱును తమ మతగ్రంథములను పంచుచు, చందాలడుగుచు ఇంటింటికి పోవుచుండిరి. వారు యెహోవా సాక్షులను చిన్న శాఖవారు. ఆ రాష్ట్ర చట్టము ప్రకారము మతకార్యమునకైనను, ధర్మకార్యమునకైనను చందా అడుగుటకు ముందు ఒక అధికారి అనుమతి పొందవలెను. ఆ కార్యము నిజముగ మతసంబంధమైనదా, నిజమైన ధర్మమా అని తేల్చువాడు ఆ అధికారియే. కాంట్వెల్ కుటుంబమువారు అనుమతి లేకయే వసూలు చేసిరని శిక్షింపబడిరి. 1940లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. వసూలు చేయు వేళను, స్థలమును, తీరును ప్రభుత్వము క్రమబద్ధము చేయవచ్చును, మోసమును శిక్షింపవచ్చును, అడుగువాడు తానెవరో నిరూపించుకొనవలెనని కోరవచ్చును. కాని ఏది మతము, ఏది కాదు అను తీర్పును అధికారి చేతిలో పెట్టరాదు. ఆ తీర్పు సారాంశమిది.

ఈ సూత్రము తెలుగువారికి పరాయిది కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము, తిలక్ స్వరాజ్య నిధికి జూన్ నెలాఖరు లోపల కోటి రూపాయలు వసూలు చేయవలెనని నిశ్చయించెను. ఆ నిధి నాటి ప్రభుత్వమును ఎదిరించు ఉద్యమమునకై లేచినది. అట్టి వసూలునకు ముందుగ కలెక్టరు లైసెన్సు పొందవలెనను నియమముండి, కార్యము మంచిచెడ్డలు నిర్ణయించుట ఆయన వంతైయున్నచో, ఒక్క రూపాయికైనను అనుమతి లభించియుండునా? దొంగను పట్టుటకు వేసిన వలలో దేశభక్తుడు చిక్కరాదు. చట్టము వ్రాయువారు మఱువరాని మాట ఇది.

ఇక రెండవ చిక్కు లెక్కకు సంబంధించినది. ఇల్లినాయ్ రాష్ట్రమందలి షామ్‌బర్గ్ అను ఊరు చట్టరీత్యా ఒక గ్రామము. ఆ గ్రామమువారు ఒక నియమము చేసిరి: వసూలు చేసిన సొమ్ములో నూటికి 75 వంతులు నేరుగ ధర్మకార్యమునకు ఖర్చు కానిచో ఇంటింట అడుగుటకు అనుమతి లేదు. మొదట విన్నవారు మెచ్చుకొనదగిన నియమమే. కాని 1980లో సుప్రీంకోర్టు దానిని నిలువనీయలేదు. కొన్ని సంస్థలు అన్నము పెట్టవు, బట్టలు పంచవు. విషయములు పరిశోధించి ప్రజలకు తెలుపుటయే వాని పని. ఆ పని చేయు మనుష్యుల జీతమే వాని ఖర్చు. జీతము ఎక్కువైనంతమాత్రమున మోసమనరాదు. మోసమును నేరుగ శిక్షింపుడు, సంస్థలచేత లెక్కలు బయట పెట్టింపుడు అని న్యాయస్థానము చూపిన త్రోవ. 1988లో వెలువడిన మఱియొక తీర్పున, తమకు దాఖలైన లెక్కలను ప్రభుత్వమే ప్రకటించి ప్రజలకు తెలుపవచ్చునని చెప్పబడెను.

అట్లని వసూలుదార్లకు పగ్గము విడువబడలేదు. వియత్నాం యుద్ధమున పనిచేసిన మాజీ సైనికుల సంస్థ పేర ఇల్లినాయ్ రాష్ట్రమున టెలిఫోనుపై చందాలడిగిన ఒక కంపెనీ, ప్రతి డాలరులో 85 సెంట్లు తానే ఉంచుకొనెను. సొమ్ములో మంచి భాగము సైనికులకే చేరునని దాతలకు చెప్పిరని ప్రభుత్వము అభియోగము తెచ్చెను. ఖర్చు ఎక్కువైనందుకు కాక, తెలిసి తెలిసి అబద్ధమాడి దాతను మోసగించినందుకు ప్రభుత్వము నడిపించు వ్యాజ్యము చెల్లునని 2003లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందఱును ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి.

ఈ దేశమునకు వచ్చి చూచినచో, ఇంటింట చందా అడుగుటకు దేశమంతటికి వర్తించు ఒకే లైసెన్సు చట్టము లేదు. వేఱు వేఱు కాలములలో పుట్టిన చట్టములు వేఱు వేఱు మూలల కాపలా కాయుచున్నవి. 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టమున ఏడుగురు కలిసి సంఘముగ ఏర్పడవచ్చునని యున్నది. ఏ ఏ కార్యములకు సంఘము పెట్టవచ్చునో చెప్పుచు ఆ చట్టము గ్రంథాలయములను, పఠన మందిరములను ప్రత్యేకముగ పేర్కొనినది. ఆంధ్రప్రదేశ్‌లో 2001లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చెను. బొంబాయి రాష్ట్రము 1950లో పబ్లిక్ ట్రస్టుల చట్టము చేసి, చారిటీ కమిషనరును నియమించెను. తెలుగునాట హిందూ దేవాలయములకును, ధర్మసంస్థలకును 1966లోను, తిరిగి 1987లోను దేవాదాయ చట్టములు చేయబడెను.

సామాన్యునికి మిక్కిలి ఉపకరించు నిబంధన మఱియొకటి కలదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 92వ సెక్షను ప్రకారము, ప్రజాధర్మ నిధిలో సంబంధము గల ఇద్దఱు వ్యక్తులు కోర్టు అనుమతి పొంది, ధర్మకర్త లెక్క చెప్పవలెననియు, అవసరమైన అతనిని తొలగింపవలెననియు దావా వేయవచ్చును. ఊరంతయు కదలనక్కఱలేదు, ఇద్దఱు చాలును. 1920లో చేసిన మఱియొక చట్టము, ట్రస్టు లెక్కల వివరములకై కోర్టును అర్థించు హక్కును సంబంధము గల వ్యక్తి ఒక్కనికైనను ఒసగెను.

ఆదాయపు పన్ను శాఖవారు ఇంకొక త్రోవన లెక్క అడుగుచున్నారు. గుర్తింపు పొందిన సంస్థకు విరాళమిచ్చినవారికి పన్నులో మినహాయింపు కలదు. అయితే నగదుగ ఇచ్చినదానిలో 10,000 రూపాయల వఱకున్న ఈ సదుపాయమును 2017లో 2,000కు తగ్గించిరి. 2021–22 నుండి విరాళము పుచ్చుకొన్న సంస్థయే దాతల వివరములను ప్రభుత్వమునకు సమర్పించి, దాతకు ధ్రువపత్రమీయవలెనని నియమించిరి.

విదేశములనుండి వచ్చు సొమ్ముపై 1976లో ఒక చట్టమును, 2010లో దానికి బదులు మఱియొకటియు వచ్చినవి. 2020 సవరణచే అట్టి సొమ్ము ముందుగ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖ ఖాతాలోనే జమ కావలెననియు, కార్యాలయపు ఖర్చులు నూటికి 50 గాక 20కి మించరాదనియు నిర్ణయింపబడెను. గ్రామస్థులు దీనిని తెలిసికొనుట మంచిది. ఊరినుండి అమెరికా పోయిన యువకుడు భారత పౌరుడుగనే యుండి తన ఆర్జననుండి బ్యాంకు ద్వారా గ్రంథాలయమునకు పంపిన సొమ్ము విదేశీ విరాళము కాదు. అతడే ఆ దేశపు పౌరసత్వము తీసికొన్న పిమ్మట పంపినచో విదేశీ విరాళమగును. రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతియో లేక పుచ్చుకొనుట నేరము. ఊరిమీది మమకారము మారలేదు, చట్టము దృష్టిలో మనిషి మారినాడు. తెలియక చేసినను చిక్కు కార్యదర్శికే వచ్చును.

ఇన్ని చట్టములున్నను వాని శక్తికి ఒక హద్దు కలదు. లైసెన్సు అడుగువాని పేరు చెప్పును. సొమ్ము చేరిన చోటు చెప్పదు. రిజిస్ట్రేషను నంబరు సంఘము పుట్టినదని చెప్పును. అది నిజాయితీతో బ్రదుకుచున్నదని చెప్పదు. ఆ రెండవది చెప్పగలది లెక్క యొక్కటియే. అది చదువువాడున్నప్పుడే లెక్క నోరు విప్పును.

గాంధీమహాత్ముడు 1894లో దక్షిణాఫ్రికాలో నేటాలు ఇండియన్ కాంగ్రెసును స్థాపించినప్పటి సంగతులను తన ఆత్మకథలో వ్రాసినారు. ఆ దినములలో చందా ఇచ్చినవారు రశీదును అంతగా పట్టించుకొనలేదు. అయినను కార్యకర్తలు పట్టుపట్టి రశీదు ఇచ్చుచుండిరి. టోంగాట్ అను ఊరిలో ఒక గృహస్థు ఆఱు పౌనులీయగలవాడై యుండియు మూడింటికి మించి ఈయనన్నాడు. వచ్చినవారు ఆకలితోనే రాత్రియంతయు కూర్చుండిరి. తెల్లవాఱునప్పటికి అతడు ఆఱును ఇచ్చి, వారికి భోజనము పెట్టినాడు. అంత కష్టపడి తెచ్చిన సొమ్ము గనుకనే ప్రతి పైసకును లెక్క వ్రాయబడెను. ప్రజాసంస్థలు పెద్ద మూలధనమును బ్యాంకులో వేసికొని వడ్డీపై బ్రదుకుటకంటె, ఏటేట సభ్యులిచ్చు చందాపై బ్రదుకుట మేలని ఆయన నిశ్చయము. చందా ఈయవలసినవాడు ఏడాదికొకసారి సంస్థ ముఖము చూచును. సంస్థయు అతనికి ముఖము చూపవలసియుండును.

చందాదారులారా! గ్రంథాలయమునకు మొదటి పర్యవేక్షకులు మీరే. రశీదు అడుగుట అనుమానము కాదు, రశీదు ఇచ్చుట అవమానము కాదు. "పెద్దమనిషిని లెక్క అడుగుట ఏమి బాగుండును?" అను మొగమోటమే పెక్కు సంస్థలను ముంచినది. లెక్క అడుగనిచ్చువాడే పెద్దమనిషి. గుప్తదానము చేయదలచినవాడు తన పేరు దాచుకొనవచ్చును; కాని పుచ్చుకొన్నవాడు సొమ్మును దాచరాదు. వార్షిక సభలో జమాఖర్చులు చదువునప్పుడు లేచి ఇంటికి పోక, ఆ పావుగంట కూర్చుండి వినుట కూడ చందా ఇచ్చుటవంటిదే. కార్యదర్శియు అడుగకముందే ఆ కాగితమును గోడకు అంటింపవలెను.

ప్రభుత్వము మోసగానిని పట్టవలెను, లెక్కలను వెలుగులోనికి తేవలెను. ఏ ధర్మము మంచిదో నిర్ణయించు పని దాతకు విడువవలెను. దాతయు తన వంతు మఱువరాదు. ఈ రజతోత్సవమునకు అందిన చందాల వివరములను స్వర్ణోత్సవమునాటి పిల్లలు తెఱచి చూచినపుడు, ప్రతి పేరునకు ఎదురుగ ఒక అంకెయు, ప్రతి అంకెకు ఎదురుగ ఒక ఖర్చును కానవచ్చుగాక. అపుడు వారును జేబులో చేయి పెట్టి, వెనుదీయక, తమ వంతు తీసి ఇత్తురు.