గార్లదిన్నె నుంచి టోర్నమెంట్ టేబుల్ దాకా: తక్కువ ఖర్చులో కార్డుల డెక్ కట్టుకోవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో ట్రేడింగ్ కార్డ్ గేమ్స్ గురించి మాట్లాడుకుందాం. చిప్స్ ప్యాకెట్లలో టాజోలు ఏరుకున్నోళ్లు, రెజ్లింగ్ ట్రంప్ కార్డులు స్కూల్ బ్యాగులో దాచుకున్నోళ్లు మనలో చాలామందే ఉంటారు. అదే సరదా ఇంకాస్త ముదిరితే టోర్నమెంట్ దాకా పోతుంది. నాది గార్లదిన్నె. అనంతపురానికి సుమారు ఇరవై కిలోమీటర్లు. చెనక్కాయ పంట, వాన కోసం ఎదురుచూపు, ఇదీ మా ఊరు. ఇక్కడి నుంచి ఈ ఆట ఎట్లా ఆడాలో, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్తాను.

ముందు కొంచెం చరిత్ర. 1993లో లెక్కల్లో పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ అనే ఆయన డిజైన్ చేసిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' వచ్చింది. 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డ్ గేమ్ మొదలైంది. పేకాటలో ఇద్దరికీ ఒకటే కట్ట. ఇక్కడ ఎవరి కట్ట వాళ్లదే. ఏ కార్డులు పెట్టుకోవాలో ఇంట్లో కూర్చుని ఆలోచించి, కట్టుకుని వస్తాం. సగం ఆట అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మన ఊళ్లలో చేతిలో కార్డులు కనపడితే చాలు, పేకాటే అనుకుంటారు. అట్లా అనుకోవడానికి కారణం కూడా ఉంది. మా బంధువుల్లోనే పేకాటలో ఎకరా పొలం పోగొట్టుకున్న మనిషి ఉన్నాడు. అందుకే మా నాయన నా డబ్బా చూసి నేరుగా అడిగినాడు: "దీంట్లో డబ్బులు కాస్తారా?"

"కాయం నాయనా."

"మరి ఓడిపోతే ఏం పోతాది?"

"ఒక సాయంత్రం పోతాది."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. కానీ ఆ ప్రశ్న సరైన ప్రశ్న. మ్యాజిక్ మొదట్లో 'యాంటీ' అని ఒక రూల్ ఉండేది. ఇద్దరూ చెరో కార్డు పందెంగా పెట్టాలి, గెలిచినోడు రెండూ తీసుకోవాలి. తర్వాత ఆ రూల్ పక్కన పెట్టేశారు, ఆ తరహా కార్డుల్ని టోర్నమెంట్లలో నిషేధించారు. ఇక రమ్మీ సంగతి. అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020లో ఏపీ ప్రభుత్వం నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. కాబట్టి ఫ్రెండ్స్, ఎవరైనా "కార్డుకు కార్డు పందెం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మార్చుకోవడం వేరు, పందెం వేరు.

సరే, డెక్ దగ్గరికి వద్దాం. పోకెమాన్ డెక్‌లో సరిగ్గా 60 కార్డులుండాలి. బేసిక్ ఎనర్జీ తప్ప, ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించకూడదు. మొదట చేతికి ఏడు కార్డులొస్తాయి. ఒక కార్డు డెక్‌లో ఒక్కటే ఉంటే, అది ఆ ఏడింట్లో ఉండే అవకాశం సుమారు 12 శాతం. రెండుంటే 22 శాతం. నాలుగుంటే 40 శాతం. ఈ లెక్క అర్థమైతే కలెక్షన్ ఎట్లా చేయాలో కూడా అర్థమవుతుంది. మెరిసే కార్డు ఒకటి ఉండడం కన్నా, మామూలు కార్డు నాలుగు ఉండడం ఎక్కువ గెలిపిస్తుంది.

అందుకే ముందు ట్రైనర్ కార్డులు కూడబెట్టండి. అల్ట్రా బాల్, రేర్ క్యాండీ, బాసెస్ ఆర్డర్స్ లాంటివి ఎన్నో డెక్కులకు పనికొస్తాయి. ఒకే కార్డు మామూలు బొమ్మతో చవగ్గా, ప్రత్యేక బొమ్మతో ఖరీదుగా దొరుకుతుంది. టేబుల్ మీద రెండూ చేసే పని ఒకటే.

ప్యాక్ చింపడం గురించి. మా అనంతపురం వాళ్లకు ఇది చెప్పడం సులువు. ప్యాక్ చింపడం బోరు వేయించినట్టే. పడితే పడింది, లేకపోతే దుమ్ము. పడలేదని ఇంకోటి, ఇంకోటి వేయించి అప్పులపాలైనోళ్లను మనం చూస్తూనే ఉన్నాం. పుట్టినరోజుకు ఒక ప్యాక్ సరదాగా చింపుకోండి. డెక్ కోసమైతే కావాల్సిన కార్డు విడిగా కొనుక్కోండి. నేను నెలకు ఇంత అని పెట్టుకుని నోటుబుక్కులో రాస్తాను. దాటితే ఆ నెల కొనేది లేదు.

ఇంకో సంగతి. కార్డు కింద ఎడమ మూలన చిన్న అక్షరం ఉంటుంది. స్టాండర్డ్ ఫార్మాట్‌లో ఏవి చెల్లుతాయో అది చెప్తుంది. ఎఫ్ అక్షరం కార్డులు 2025 ఏప్రిల్‌లో వెళ్లిపోయాయి. అంటే ఇవి ఆస్తి కాదు, కొంత కాలం పనికొచ్చే పనిముట్లు. రేపు రేటు పెరుగుతుందని అప్పు చేసి కొనొద్దు.

నకిలీలు కూడా ఉన్నాయి. అసలు కార్డొకటి పక్కన పెట్టి వెనక వైపు రంగు, అక్షరాలు, మందం పోల్చండి. మరీ చవగ్గా ఇస్తామంటే అనుమానించండి.

ప్రాక్టీస్‌కు మాత్రం రూపాయి అక్కర్లేదు. పోకెమాన్ టీసీజీ లైవ్ యాప్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మేము ఊళ్లో ముగ్గురం తెల్లకాగితం మీద కార్డు పేరు, దాని పని రాసుకుని, కవర్లలో పెట్టి ఆడతాం. టోర్నమెంట్లో ఇవి చెల్లవు, అక్కడ అసలువే ఉండాలి. కానీ ఏ కార్డు కొనాలో తేలేది ఈ కాగితాల మీదే.

చివరగా టోర్నమెంట్. ఎక్కువగా స్విస్ పద్ధతి, మన చెస్ పోటీల్లో ఉన్నట్టే. ఒక ఆట ఓడితే ఇంటికి పంపరు, నీ అంత పాయింట్లున్నోడితోనే మళ్లీ జత కడతారు. స్లీవ్‌లన్నీ ఒకేలా ఉండాలి. ఒకటి మాసిపోయినా, మూల నలిగినా గుర్తు పెట్టుకున్నావని పెనాల్టీ పడొచ్చు. మా ఎండకు, చెమటకు స్లీవ్‌లు తొందరగా పాడవుతాయి కాబట్టి అదనంగా కొన్ని పెట్టుకుంటాను.

మాకు దగ్గరి పెద్ద ఊరు బెంగళూరు, రెండొందల కిలోమీటర్ల పైనే. బస్సు ఛార్జీ, భోజనం, ఎంట్రీ ఫీజు కలిపి చూసుకున్నాకే బయల్దేరండి. కాగితం డెక్‌తో పక్కనోడి మీద పదిసార్లలో ఆరుసార్లు గెలుస్తున్నారా? అప్పుడు ఆ డెక్ కొనండి. అంతవరకు డబ్బు జేబులోనే ఉండనీయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కాగితం మీద డెక్ లిస్ట్ ఎట్లా రాయాలో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.