సంతకానికి ముందు రోడ్డు కొలవండి



గ్రాట్యుటీ సొమ్ముతో మనం కట్టుకున్న ఇళ్లను నేడు బిల్డర్లు అపార్టుమెంట్ల కోసం అడుగుతున్నారు. కనుక ఒక స్థలంలో ఎంత కట్టవచ్చునో నిర్ణయించే పద్ధతి మనకు తెలియాలి.

మొదటి పద్ధతి ఎఫ్.ఎస్.ఐ. స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చునన్న లెక్క ఇది. 1991 నిబంధనల్లో పాత బొంబాయి నగర భాగానికి అది 1.33. అంటే 300 గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి సుమారు 400 గజాలు.

హైదరాబాదులో 2006 నాటి జి.ఓ. 86 ఈ లెక్కను తీసివేసింది. స్థల విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పులను బట్టి భవనం ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీ నిర్ణయించారు. 2012 నాటి జి.ఓ. 168 కూడా అదే బాట పట్టింది.

అయితే ఎత్తు లెక్కలో మనుషుల లెక్క లేదు. ఒక కుటుంబం ఉన్నచోట పది కుటుంబాలు చేరినా వీధిలోని నీటి గొట్టం, డ్రైనేజీ పాతవే. మా వీధిలో మొదట సంతకం చేసినవాణ్ణి నేనే. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నదీ నేనే.

అందుచేత సంతకానికి ముందు రోడ్డు వెడల్పు, మంజూరైన ప్లాను, నీటి వసతి స్వయంగా చూసుకోండి. పిల్లలతోనూ చర్చించండి.