భవనం మనది, తాళంచెవి ఎవరిది?
(సాంకేతిక గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం భోజనాల తర్వాత సాంకేతిక గోష్ఠి పెడితే వచ్చేవాళ్ళు తక్కువ, వచ్చినా మేలుకుని ఉండేవాళ్ళు ఇంకా తక్కువ. కునుకు వస్తే పులిహోరను మాత్రమే నిందించకండి. తలుపులు వేసిన గదిలో ఇంతమంది వదిలే గాలికి కూడా అందులో వాటా ఉంది. నేను చెప్పబోయేది ఆ గాలి గురించే, దాన్ని నడిపించే చిన్న పెట్టె గురించే.

మా ఊళ్ళో తెలుగువాళ్ళమంతా చందాలు వేసుకుని ఒక పాత ఆఫీసు భవనం కొన్నాం. కూచిపూడి క్లాసులు, తెలుగు బడి, ఉగాది, సంక్రాంతి అన్నీ అక్కడే. ఒక జనవరి ఆదివారం ఉదయం బడికొచ్చిన పిల్లలు కోట్లు విప్పకుండా అక్షరాలు దిద్దుతున్నారు. బాయిలర్ బాగానే ఉంది, ఫ్యాన్లూ బాగానే ఉన్నాయి. చచ్చిపోయింది గోడకున్న కంట్రోలర్. ఫోన్ చేస్తే, "ఆ మోడల్ తయారు చెయ్యడం మానేశాం. మొత్తం సిస్టమ్ మార్చుకోవాలి" అన్నారు. పోనీ అందులోని ప్రోగ్రామ్ అయినా ఇవ్వండి అంటే, పాస్‌వర్డ్ పాత యజమాని కాంట్రాక్టరుదట, ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. భవనం మాదే, బాయిలర్ మాదే. ఆ బాయిలర్‌ని ఎప్పుడు వెలిగించాలన్న తెలివి మాత్రం మాది కాదు!

కంట్రోలర్ అంటే ఏమిటో సాఫ్ట్‌వేర్ వాళ్ళు కానివారికి ఒక్క మాటలో చెబుతాను. మా వైపు చెరువుకు నీరుగంటి ఉండేవాడు, తెలంగాణలో నీరటి అంటారు. చెరువులో నీళ్ళెంత ఉన్నాయో, ఏ మడి ఎండుతోందో చూసి తూము ఎంత ఎత్తాలో అతనే నిర్ణయించేవాడు. చూడడం, ఆలోచించడం, తూము తిప్పడం, ఈ మూడే కంట్రోలర్ పని కూడా. అమెరికాలో ఒకప్పుడు ఈ పని మనుషులే చేసేవారు. విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్, ప్యూను ప్రతి క్లాసులోకీ వచ్చి చలిగా ఉందా, వేడిగా ఉందా అని చూసి కిందకి వెళ్ళి డ్యాంపర్లు సరిచేయడం చూసి విసిగిపోయాడు. 1883లో ఆయన విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నేటి పెట్టెలన్నీ ఆ వంశానివే.

పెట్టెలు పెరిగాక ఒక కంపెనీ పెట్టె మరో కంపెనీ పెట్టెతో మాట్లాడని పరిస్థితి వచ్చింది. దానికి విరుగుడుగా యాష్రే అనే ఇంజనీర్ల సంఘం 1987లో కమిటీ వేసి, 1995లో బ్యాక్‌నెట్ అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. అంతకుముందే 1979లో ఫ్యాక్టరీల కోసం మాడ్‌బస్ వచ్చింది. ఈ రెండు భాషలూ అందరికీ తెలిసినవే, ఎవరైనా నేర్చుకోవచ్చు. అయితే భాష ఒకటైనంత మాత్రాన ఆలోచన మన చేతికి రాదు. ఉష్ణోగ్రత ఎంత అని పెట్టె చెబుతుంది, ఆ నిర్ణయం ఎందుకు తీసుకుందో మాత్రం చెప్పదు.

వర్చువల్ కంట్రోలర్ ఉపయోగపడేది ఇక్కడే. చూసే పనీ, తిప్పే పనీ గోడమీది చవక మాడ్యూళ్ళకు వదిలేస్తాం. ఆలోచించే పనిని మాత్రం మామూలు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌గా రాసుకుంటాం. ఒకే కంప్యూటర్‌లో ఆరు గదులకు ఆరు కంట్రోలర్లు నడపవచ్చు. కంప్యూటర్ చెడితే ఇంకోటి తెచ్చి, బ్యాకప్ ఎక్కించి, గంటలో మళ్ళీ నడిపించవచ్చు. అసలు భవనానికి తగిలించే ముందు ఉత్తుత్తి భవనం మీద పరీక్షించవచ్చు. వీటికి ఉచిత ఓపెన్ సోర్స్ సాధనాలున్నాయి. ఐబీఎం ఇంజనీర్లు 2013లో బయటపెట్టిన నోడ్-రెడ్ ఉంది, పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లేబొరేటరీ వాళ్ళ వోల్ట్రాన్ ఉంది, ఓపెన్‌పీఎల్‌సీ ఉంది. మేము నోడ్-రెడ్ ఎంచుకున్నాం. గీతలు గీసి తర్కం చూపించవచ్చు కనుక మా కోశాధికారి గారికి కూడా అర్థమైంది. వైరింగ్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాం.

ఇక మా తప్పు గురించి చెప్పాలి. ఈ ప్రసంగంలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదేననుకుంటాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం హాలు నిండా జనం. వేడెక్కిందని ప్రోగ్రామ్ వేడినీళ్ళ వాల్వు దాదాపు మూసేసి, బయటి గాలి డ్యాంపర్ బాగా తెరిచింది. అంతవరకూ సరిగ్గానే చేసింది. రాత్రి పదింటికి కంప్యూటర్ అప్‌డేట్ కోసం తనంతట తానే రీస్టార్ట్ అయింది. మా ప్రోగ్రామ్ దానంతటది లేచేలా మేము ఏర్పాటు చెయ్యలేదు. జనం వెళ్ళిపోయారు, ఫ్యాన్ ఆగలేదు. గడ్డకట్టే గాలిని రాత్రంతా లోపలికి లాగుతూ కూర్చునేది. కాయిల్‌లో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగిలితే హాలు, కింద లైబ్రరీ అన్నీ మునిగేవి. కాపాడింది ఫ్రీజ్‌స్టాట్. గాలి 38 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడగానే, ఎవరినీ అడగకుండా తీగ ద్వారా నేరుగా ఫ్యాన్ ఆపి, డ్యాంపర్ మూసేసే పాతకాలపు పరికరం. దానికి నెట్‌వర్కూ లేదు, సాఫ్ట్‌వేరూ లేదు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరునైన నన్ను ఆ రాత్రి గట్టెక్కించింది అదే.

ఆ మర్నాడు రెండు నియమాలు పెట్టుకున్నాం. ప్రాణానికీ ఆస్తికీ సంబంధించిన రక్షణలను, అంటే బాయిలర్ మంట రక్షణ, ఫైర్ అలారం, ఫ్రీజ్‌స్టాట్, సాఫ్ట్‌వేర్ చేతికి ఎన్నడూ ఇవ్వకూడదు. రెండోది, కంప్యూటర్ నుంచి ఒక నిమిషం కబురు రాకపోతే గోడమీది మాడ్యూల్ తనంతట తానే ఫ్యాన్ ఆపి, డ్యాంపర్ మూసి, వేడినీళ్ళ వాల్వు తెరవాలి. ఆ సౌకర్యం మాడ్యూల్‌లో మొదటినుంచీ ఉంది, మేమే ఆన్ చెయ్యలేదు.

మరో జాగ్రత్త. ఈ కంప్యూటర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించకండి. 2013లో టార్గెట్ స్టోర్ల మీద జరిగిన దాడిలో దొంగలు మొదట దొంగిలించింది ఒక ఏసీ, రిఫ్రిజిరేషన్ కాంట్రాక్టరు లాగిన్‌ని. గాలి కోసం తెరిచిన కిటికీలోంచి దొంగ వచ్చినట్టు!

లాభం గురించి కూడా చెప్పాలి. హాల్లో కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టాం. బయటి గాలిలో అది పది లక్షల్లో సుమారు 420 వంతులు, కిక్కిరిసిన హాల్లో వెయ్యి దాటుతుంది. అది పెరిగితేనే బయటి గాలి ఎక్కువ తీసుకుంటాం, ఖాళీ హాలుకు వేడి దండగ చెయ్యం. మీటరు ఇంకో నిజం కూడా బయటపెట్టింది. ఆహ్వానపత్రికలో కార్యక్రమం 5 గంటలకని వేస్తాం. గీత 6:40 దాకా కదలదు! ఇప్పుడు మా ప్రోగ్రామ్ ఆహ్వానపత్రికను కాక గాలినే నమ్ముతోంది.

ఇక్కడ గుళ్ళు, సాంస్కృతిక భవనాలు కట్టిస్తున్న పెద్దలు చాలామంది ఉన్నారు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండని మనవి. ప్రోగ్రామ్ కాపీ, పాస్‌వర్డులు మాకు రాతపూర్వకంగా ఇస్తారా? పరికరాలు బ్యాక్‌నెట్, మాడ్‌బస్ మాట్లాడతాయా? కంప్యూటర్ ఆగిపోతే భవనం ఏ స్థితిలోకి వెళుతుంది? మీరు లేకపోతే ఇంకొకరు దీన్ని బాగుచేయగలరా? ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నవాళ్ళు ఈ నాలుగో ప్రశ్న తమను తాము కూడా వేసుకోవాలి. నేను రేపు ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోతే, మా భవనానికి నేనే ఆ పాత కాంట్రాక్టరునవుతాను కదా! అందుకే ప్రతి తీగ పేరూ, ప్రతి పాస్‌వర్డూ ఉన్న నోటుపుస్తకం ఒకటి కార్యదర్శి గారి బీరువాలో పెట్టాం. ఇద్దరు హైస్కూలు పిల్లలకు ప్రోగ్రామ్ నేర్పుతున్నాం. ఆ జనవరిలో కోట్లు వేసుకుని అక్షరాలు దిద్దిన పిల్లల్లో వాళ్ళూ ఉన్నారు.

తలుపులు తెరవండి, కాస్త గాలి రానివ్వండి. సెలవు.