మంచుసీమలో రెండు మాసములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను వక్తను కాను. ఇరువదియెనిమిది సంవత్సరములుగా మన సహకార సంఘమున లెక్కలు వ్రాయువాడను. నాకు నాలుగు పద్యముల పరిచయ మున్నదన్నచో అది ఈ గ్రంథాలయపు బీరువాలు పెట్టిన భిక్షయే. జపాను పల్లెలో చలికాలమెట్లుండునో చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. ఆ దేశమును గూర్చి సమగ్రముగా చెప్పుటకు నేనధికారిని కాను. 2025 జనవరి మొదలు మార్చి మొదటివారము వరకు అందొక పల్లెలో మా చిన్నవాని యింట నుంటిని. చూచినంతమట్టుకు చెప్పెదను. మీ యందరియెదుట ఒప్పుకొనవలసిన తప్పొకటి కూడ కలదు. సమయము వచ్చినప్పుడు దానిని చెప్పెదను.

ఆ పల్లె నీగాతా మండలములో, తోకామాచి అను చిన్న పట్టణమునకు సమీపమున నున్నది. టోక్యోలో రైలెక్కునప్పుడు ఆకాశము మన సంక్రాంతినాటి ఆకాశమువలె నిర్మలముగా నుండెను. గంటన్నర గడువకముందే రైలు 22 కిలోమీటర్ల పొడవైన సొరంగమున దూరెను. బయటికి వచ్చుసరికి లోకమంతయు తెల్లబడియుండెను. ఇండ్ల కప్పులు లేవు, పొలముల గట్లు లేవు. అంతయు ఒక్కటే దుప్పటి.

ఇంత మంచు ఎందుచేత ననగా, ఆ యూరు మిక్కిలి ఎత్తైన పర్వతముపై నుండుటచేత కాదు. శీతకాలమున సైబీరియానుండి వీచు పొడిగాలి జపాను సముద్రము మీదుగా వచ్చును. ఆ నీరు గాలికంటె వెచ్చనిదగుటచే గాలి దారిపొడవున ఆవిరిని త్రాగివచ్చును. ఎదుట కొండలవరుస అడ్డగింపగా పైకెగసి, తాను మోసికొనివచ్చినదంతయు ఈవలనే కుమ్మరించి, ఆవలి టోక్యో వైపునకు వట్టి చేతులతో దిగిపోవును. మన నైరృతి ఋతుపవనము పడమటి కనుమలపై కురిసి, రాయలసీమకు రిక్తహస్తములతో వచ్చుట వంటిదే ఇది. అందుచే ఆ ప్రాంతమున మనిషి నిలువెత్తునకు మించిన మంచు వింత కాదు, ఏటేట జరుగునదే.

అచ్చటివారు నన్ను మొదట అడిగిన ప్రశ్న, మీ దేశములో మంచు పడునా యని. హిమాలయము మాదేనని గర్వముగా చెప్పితిని. మరి మీరు చూచితిరా యని రెండవ ప్రశ్న వచ్చెను. కుమారసంభవమున తొలి సర్గ నాకు కంఠస్థము. హిమాలయమును మాత్రము చూడలేదు. ఏబదియారేండ్ల వయసున, పరదేశమున, బస్సు ఆగుచోట మొదటిసారి మంచును చేత పట్టుకొంటిని. అది చేతిలో నీరైపోయెను.

అచ్చట తెల్లవారుట కోడికూతతో కాదు. మూడున్నర, నాలుగు గంటలకే మంచు త్రోయు యంత్రము వీథిలో గర్జించుచు వచ్చును. అది బాటను శుభ్రముచేసి, గట్టిపడిన మంచుగడ్డలను ప్రతి యింటి గుమ్మమెదుట గట్టుగా వదలిపోవును. ఆ గట్టును తొలగించుకొనుట ఎవరి యింటివారి పని వారిదే. మావాడు అయిదు గంటలకు లేచి, రేకుతో చేసిన పెద్ద చేటవంటి పనిముట్టును చేతబట్టి బయలుదేరును. దానిని ఎత్తవలసిన పని లేదు. నేలమీద జారవిడిచి త్రోయవచ్చును. ఇంటి ఆడువారు కూడ సులువుగా వాడవచ్చునని దానికి ‘మామాసాన్ దంపు’ అను పేరు వచ్చినదట.

క్రింది అంతస్తు కిటికీలకు పలకలు బిగించియుందురు. లేనిచో మంచు బరువునకు అద్దములు పగులును. అందుచే పగలును దీపము వెలుగవలసినదే. ఇల్లంతయు వెచ్చజేసికొనుట లేదు. ఒక్క గదిలో కిరసనాయిలు పొయ్యి, నడుమ ‘కొతాత్సు’. అది పొట్టి బల్ల. క్రింద విద్యుత్తుతో పనిచేయు వేడిసాధనము, పైన బొంత. కాళ్లు లోపల పెట్టి కూర్చున్నచో లేవ మనసొప్పదు. వంటింటికి పోవుట మాత్రము పరదేశయాత్రయే. కిరసనాయిలు పొయ్యి మూడు గంటలకొకసారి కూతపెట్టి తనంతట తానే ఆరిపోవును. నూనె అయిపోయినదని నేను మొదటి దినమున రెండుమార్లు డబ్బా మోసితిని. గాలి మార్చుకొనుడని హెచ్చరించుటకట! పదునెనిమిది లీటర్ల ఎఱ్ఱ డబ్బాలు గుమ్మములో వరుసగా నిలిపియుంచుట అచ్చటి గృహస్థునకు, మనకు గాదెలో ధాన్యమువలె, ధైర్యము.

భోజనము మాట రెండు ముక్కలలో ముగించెదను. ఆ ప్రాంతపు కోషిహికారి బియ్యమునకు జపానంతట పేరు, అన్నము జిగురు. పప్పు కలిపినచో ముద్ద కుదురును గాని చారుతో విడివడదు. తరచు చేపపులుసు కలిసిన రుచులగుటచే బయట నేను తినగలిగినది తక్కువ. ఆవకాయ జాడీ నన్ను కాపాడినది.

ఇక కప్పుపై మంచు. కొత్తగా పడినది ఘనమీటరు సుమారు 100 కిలోలు తూగును. అణగి ముదిరినచో 300 కిలోలు దాటును. 80 చదరపు మీటర్ల కప్పుమీద ఒక మీటరు ముదురు మంచు నిలిచినచో ఇరువదినాలుగు వేల కిలోలు. మన 75 కిలోల ధాన్యపు బస్తాల లెక్కన 320 బస్తాలు నెత్తిపైనుండగా ఆ యింటివారు నిదురించుచున్నారన్నమాట. నేనీ లెక్క వేసిన రాత్రి నాకు నిదుర పట్టలేదు. దానిని దింపుట ప్రమాదమైన పని. ఏటేట కప్పులనుండి జారిపడి మరణించువారు గలరు. వారిలో పెక్కుమంది వృద్ధులే. పిల్లలు నగరములకు పోగా ఊళ్లలో మిగిలినది వృద్ధులు. జపానులో నూటికి 29 మంది అరువదియైదేండ్లు దాటినవారు. ఇట్టి పల్లెలలో ఆ పాలు ఇంకను హెచ్చు.

మా ప్రక్కయింట ఎనుబది దాటిన అవ్వ ఒక్కతెయే యుండెను. ఆమె కుమారుడు టోక్యోలో ఉద్యోగి. మావాడు ప్రతిదినము మా గుమ్మముకంటె ముందు ఆమె గుమ్మమెదుటి మంచు త్రోసెడివాడు. వారమునకొకనాడు మరి యిద్దరు పొరుగువారితో గూడి నడుమునకు త్రాడు కట్టుకొని ఆమె కప్పెక్కెడివాడు. నేనును ఎక్కెదనంటిని. “నాన్నా, నువ్వు నిచ్చెన పట్టుకో, చాలు” అనెను. పట్టుకొంటిని. ఆమెకు మనమేమైన బాకీయా యని ఒకనాడడిగితిని. మావాడు నవ్వి, “ఇక్కడ ఆ లెక్క రాయరు, నాన్నా” అనెను.

లెక్క లేదనుటకును వీలులేదు. మేము ఆవకాయ ఇచ్చిన చిన్నగిన్నెను ఆ అవ్వ మరునాడు కడిగి, అందు ఉప్పులో ఊరిన ఆకుకూర పెట్టి పంపినది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరాదన్న పట్టింపు వారికిని గలదు. ఆవకాయను ఆమె అన్నపుమెతుకంత నాలుకపై నుంచుకొని, కన్నులు మూసికొని, చాలసేపు మాటాడలేదు. తరువాత నవ్వినది.

నా వలన జరిగిన అనర్థమొకటి చెప్పెదను. ఆ వీథుల ప్రక్కన లోతైన కాలువలు గలవు, పైన ఇనుపమూతలు. మూత తీసి మంచు వేసినచో లోపలి నీరు దానిని ఏటికి కొట్టుకొనిపోవును. కాని అందరొక్కసారి వేసినచో కాలువ పూడి నీరు వీథిమీదికి పొంగును. అందుచే పేటకింత సమయమని వంతులున్నవి. ఇది నాకు తెలియదు. మావాడు పనికి పోయిన వెనుక, కొడుకునకు శ్రమ తగ్గింతమని మూత తీసి గంటసేపు మంచు నింపితిని. దిగువ వీథిలో నీరు పొంగినది. గడలు పట్టుకొని ఆర్గురు ముసలివారు వచ్చిరి. ఒక్కరును కోపపడలేదు, మాటాడకుండ పొడిచి పొడిచి కాలువ తెరచిరి. వారు తిట్టియున్నచో నాకు సుఖముగా నుండెడిది. మరునాడు ఇంటింటికి తిరుగు ప్రకటనల అట్ట మా యింటికి వచ్చినది. చదివి, ముద్ర వేసి, తరువాతి యింటికి అందించుట అచ్చటి ఆచారము. అందులో కాలువ వంతుల పట్టిక ప్రతి యొకటి. మా పేట సమయముచుట్టు ఎఱ్ఱ పెన్సిలుతో గీత. కాలువ నీటి వంతులకై తలలు పగులగొట్టుకొన్న ఊరివాడను. నాకు వంతన నేమో మఱియొకరు చెప్పవలెనా! ఆ పట్టికను దాచుకొంటిని.

మనము భోగిమంటలు వేయు దినములలో వారును పండుగ అలంకారముల గడ్డిని, దేవదారుకొమ్మలను ప్రోగుచేసి కాల్తురు. ఆ చుట్టుప్రక్కల మత్సునోయామా అను పల్లె గలదు. అచ్చటి వేడుకను అవ్వ చెప్పుచుండగా మావాడు తెలుగు చేసెను. గడచిన యేట ఆ యూరి పిల్లను పెండ్లియాడిన అల్లుని జనవరి 15వ తేదీన నలుగురు ఎత్తుకొనిపోయి, అయిదు మీటర్ల మంచుగట్టు మీదనుండి క్రిందికి విసరుదురు! అటుపై ఆ మంటబూడిదను మంచులో కలిపి ఒకరి ముఖమున నొకరు పూసికొందురు. మనము క్రొత్త అల్లునికి అరిసెలు వడ్డించు దినములే యివి. ఏ పద్ధతి మేలో ఈ సభలోని మామగారలు ఆలోచింపవలెను.

ఇక నా తప్పు. మా చిన్నవాడు జపానులో ఆసుపత్రిలో ఉద్యోగము చేయుచున్నాడని మీలో పెక్కుమందితో చెప్పియుంటిని. అది నిజము కాదు. వాడు వృద్ధుల సంరక్షణగృహమున పరిచారకుడు. 2019 ఏప్రిల్‌లో ఆ దేశము విదేశీయులకు తెరచిన ఉద్యోగములలో అదియొకటి. వాడు భాష నేర్చి, పరీక్ష నిచ్చి 2022లో పోయెను. లేవలేనివారిని లేపుట, స్నానము చేయించుట, మలమూత్రములు శుభ్రపరచుట, అన్నము తినిపించుట వాని పని. బి.ఎస్‌సీ. చదివిన కొడుకు ఆ పని చేయుచున్నాడని చెప్పుటకు నాకు నోరు రాలేదు. వానిని ఇంటికి రమ్మని చెప్పుటకే నేనా ప్రయాణము పెట్టుకొంటిని. ఇది వానికి తెలియదు.

ఫిబ్రవరి ఆరంభమున సెత్సుబున్ అను పండుగ. ప్రాతలెక్కన వసంతము మరునాడు ప్రవేశించును. పీడలు బయటికి, భాగ్యము లోపలికి అని కేకలు వేయుచు రాక్షసవేషముపై వేయించిన గింజలు విసరుట ఆచారము. కుటుంబములవారు రావచ్చునని చెప్పగా ఆనాడు వాని గృహమునకు పోతిని. ఎఱ్ఱని ముఖము, రెండు కొమ్ములు పెట్టుకొని ఒక రాక్షసుడు గంతులువేయుచు వచ్చెను. చక్రముల కుర్చీలలోని అవ్వలు, తాతలు వానిపై కాగితపు ఉండలు విసరుచు పసిపిల్లలవలె నవ్విరి. రాక్షసుడు మా అబ్బాయియే.

కొంతసేపటికి వాడు ముఖము తీసివేసి, ఒక ముసలామె యెదుట మోకాళ్లపై కూర్చుండి, ఆమె పాదములను వేడినీటి తొట్టిలోనుంచి కడిగెను. వ్రేళ్లసందులు తుడిచెను, మేజోళ్లు తొడిగెను. ఆమె వానితో ఏదో చెప్పుచునేయున్నది. వాడు తలయూపుచునేయున్నాడు.

మా అమ్మ నాలుగేండ్లు మంచాన బడి 2021లో గతించినది. ఆమెకు ఆ సేవలన్నియు నా భార్య చేసినది. నేను మందుల ఖర్చు పుస్తకములో తప్పులేకుండ వ్రాసితిని. ఆమె పాదములను ఒక్కనాడును నేను కడుగలేదు. వానిని ఇంటికి రమ్మని చెప్పదలచిన మాట చెప్పలేదు.

మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయమునకు పోగా పాదలేపము మంచునకు కరగిపోయెను. ఇల్లు చేరు దారి తెలియక పరితపించెను. ఆ కథ నాకు ఆ దినములలో తరచు తలపునకు వచ్చెడిది. కాని మావానికి ఇంటిదారి తెలియును. వాడు పరితపించుచున్నట్లు నాకు కనబడలేదు. పరితపించినది నేను.

అచ్చటివాడే యగు సుజుకీ బొకుషీ అను బట్టల వర్తకుడు, మంచుసీమ జీవితమునంతయు ఒక గ్రంథముగా వ్రాసి, అచ్చునకై సుమారు నలుబదియేండ్లు శ్రమించి, 1837లో తొలి భాగములు వెలువరింపగలిగెను. ‘హొకుఎత్సు సెప్పు’ దాని పేరు. వెచ్చని సీమలవారికి మంచు వేడుకయైనను తనవారికది కష్టమేయని ఆయన మొఱ. అయినను, వసంతసూర్యుని యెండలో మంచుపై వస్త్రములను పరచి తెల్లబరచు విధమును, జంతువులను, పండుగలను ఎంత ముచ్చటగా వ్రాసెను! చిట్టాపద్దుల నడుమ బ్రదికినవాడు వ్రాసిన పుస్తకమగుటచే నాకు మరింత ఇష్టమైనది. దాని ఆంగ్లానువాదము 1986లో వచ్చినది. మావాడు ఒక ప్రతి కొనియిచ్చెను.

నేను బయలుదేరు దినమున మంచు ఇంకను రొమ్ములోతు నుండెను. అవ్వ బస్సువరకు వచ్చి, నా చేతిలో ఒక ముల్లంగి పెట్టినది. విమానములో దానిని తేనిత్తురో ఈయరో తెలియక, మావాని చేతికే యిచ్చి వచ్చితిని.

ఆ పుస్తకమును నిన్ననే మన గ్రంథాలయమునకు సమర్పించితిని. రెండవ బీరువా, మూడవ అర. ఆంగ్లము చదువలేనివారు ఆదివారము సాయంకాలము వచ్చినచో నేను తెలుగున చెప్పెదను. లోపల ఎఱ్ఱ గీతగల కాగితమొకటి యున్నది. అది కాలువ వంతుల పట్టిక. దయచేసి ఎవరును పారవేయకుడు.