పెంచిన తల్లి పాట

తల్లిదండ్రులు లేని బాలుని కథ ఏ భాషలో వ్రాసినను చదువరికి కంటతడి పెట్టించును. అది అంత కష్టమైన పని కాదు. ఆ బాలుడు తన దుఃఖమును దేని ఆసరాతో మోసికొని తిరిగినాడో చూపుట కష్టమైన పని. ఫ్రెంచి నవలాకారుడు హెక్టర్ మలో 1878లో ప్రకటించిన 'సాఁ ఫామీయ్' అను నవలలో ఆ కష్టమైన పని జరిగినదని మా అభిప్రాయము. ఆ పేరునకు 'కుటుంబము లేకుండ' అని అర్థము. 1830లో పుట్టి 1907లో మరణించిన మలో పెద్దల కొరకు వ్రాసిన నవలలు చాలనే ఉన్నవి. కాని వానిలో అధిక భాగమును లోకము మరచినది. కుమార్తె లూసీకి అంకితము చేసిన ఈ పుస్తకమును మాత్రము మరువలేదు. ఇది సుదీర్ఘమైన నవల. కథనంతయు ఇక్కడ చెప్పబోము. అందులో ఒక పాట నడచిన దారిని మాత్రము అనుసరింతుము.

కథ చెప్పువాడు రెమీ అను బాలుడు. తాను దొరికిన బిడ్డనని అతడు మొట్టమొదటనే చెప్పివేయును. అయినను ఎనిమిదేండ్లు వచ్చువరకు అందరివలెనే తనకును తల్లి ఉన్నదనియే అతడు నమ్మినాడు. నమ్మకపోవుటకు కారణమేమి? తాను ఏడ్చినప్పుడు ఒక స్త్రీ అక్కున చేర్చుకొని ఊరడించుచుండెడిది. డిసెంబరు నెలలో కిటికీ అద్దములకు మంచు పేరుకొనిన రాత్రులందు ఆమె అతని పాదములను తన రెండు చేతులలోనికి తీసికొని, అవి వెచ్చబడువరకు కూర్చుండి ఒక పాట పాడుచుండెడిది. పెద్దవాడైన తరువాత ఆ పాట వరుసయు, అక్కడక్కడ కొన్ని మాటలును అతనికి జ్ఞాపకమున్నవి. ఈ ఘట్టము నవల మొదటి పుటలోనే వచ్చును. తక్కిన కథ అంతయు దీనిలోనుండియే పుట్టినదని మాకు తోచును. యశోదను ఎరిగిన మన ఇండ్లలో కన్నతల్లికిని పెంచిన తల్లికిని గల తారతమ్యమును గురించి వాదము అక్కరలేదు. ఆ స్త్రీ పేరు బార్బరాన్. షావనోన్ అను పేద పల్లెలో ఆమె ఇల్లు.

ఆమె భర్త పారిసు నగరములో తాపీపని చేయువాడు. పనిచేయుచోట ప్రమాదములో కుంటివాడై, యజమాని మీద వ్యాజ్యము వేసి, దాని ఖర్చులకు ఇంటనున్న ఒక్క ఆవును అమ్మించినాడు. ఆవు పోయిన తరువాత పాలు లేవు, వెన్న లేదు. మార్దీ గ్రా పండుగనాడు పిల్లవానికి అట్లు వేయవలెనని ఆ ఇల్లాలు ఇరుగుపొరుగుల వద్ద పాలు, వెన్న అడిగి తెచ్చినది. సరిగా ఆ సమయమునకే భర్త వచ్చి, ఆ వెన్నతో తనకు ఉల్లిపాయల చారు కాచుమన్నాడు. ఆ రాత్రి పక్కమీద నిద్ర నటించుచు పడుకొనిన రెమీ వారి మాటలు విన్నాడు. తాను పారిసు వీథిలో ఖరీదైన బట్టలలో దొరికిన శిశువునట! ఏనాడో తల్లిదండ్రులు వెదకుకొనుచు వచ్చి బహుమానము ఇత్తురను ఆశతో ఈ మనిషి తనను ఇంటికి తెచ్చినాడట! ఇప్పుడు ఆ ఆశ తీరినది కనుక అనాథ శరణాలయమునకు పంపివేయునట!

ఇక్కడ మలో ఒక చిన్న వివరము చెప్పినాడు. ఆ పల్లెలో శరణాలయమునుండి పెంపకమునకు వచ్చిన పిల్లలు ఇద్దరున్నారు. వారి మెడలో అంకె చెక్కిన సీసపు బిళ్ళ వ్రేలాడుచుండును. ఊరి పిల్లలు దిక్కులేని కుక్కను తరిమినట్లు వారిని తరుముదురు. నిన్నటివరకు ఆ గుంపులోనివాడైన రెమీకి, రేపటినుండి తన మెడలోను ఆ బిళ్ళ పడునని తెలిసినది. ఆ రాత్రి అతనికి కలిగిన భయము ఆకలిని గురించినది కాదు. ఆ బిళ్ళను గురించినది. ఇది ఊరక కల్పించిన సంగతి కాదు. ఆ కాలమున ఫ్రాన్సు దేశములో వేలకొలది శిశువులు కూలికి పాలిచ్చు దాదుల ఇండ్లకు పల్లెలకు పోయినారు. వారిలో చనిపోవువారి సంఖ్య చూచి ప్రభుత్వమే కలవరపడినది. అట్లు కూలికి అప్పగించిన, రెండేండ్లలోపు బిడ్డలను అధికారులు పరిశీలించవలెనని శాసించు చట్టము 1874 డిసెంబరులో వచ్చినది. దానికి కారకుడైన వైద్యుని పేరున దానిని రూసెల్ చట్టమందురు. మలో నవల ప్రకటించుటకు నాలుగేండ్ల ముందటి మాట ఇది.

శరణాలయమునకు పోవు దారిలో రెమీ మరియొకరి చేతిలో పడినాడు. మూడు కుక్కలను, ఒక కోతిని ఆడించుచు ఊరూర తిరుగు విటాలిస్ అను ఇటలీ దేశపు వృద్ధుడు నలువది ఫ్రాంకులిచ్చి అతనిని తీసికొన్నాడు. భర్త కపటముగా పెంచిన తల్లిని ఊరిలోనికి పంపి, ఆమె లేని సమయమున ఈ బేరము ముగించినాడు. కొండ ఎక్కిన తరువాత రెమీ వెనుదిరిగి చూచినాడు. క్రింద లోయలో తన ఇల్లు. వాకిట తెల్లని కుళ్ళాయి ఒకటి ఇటునటు పరుగెత్తుచు ఎవరినో వెదకుచున్నది. అతడు ఎంత బిగ్గరగా పిలిచినను ఆ కేక అక్కడివరకు చేరలేదు.

విటాలిస్ కఠినుడు కాడు. చెక్కముక్కల మీద అక్షరములు చెక్కి దారిలో నడచుచునే బాలునికి చదువు చెప్పినాడు. ఆ పాఠములలో కాపీ అను కుక్క కూడ సహాధ్యాయి. మొదట్లో అదియే రెమీకంటె చురుకుగా నేర్చుకొన్నది! తరువాత సంగీతము మాట వచ్చినది. పాట నేర్చుకొనవలెనని ఎందుకు కోరుచున్నావని గురువు అడిగినాడు. మీరు మెల్లగా, జాలిగా పాడునప్పుడు నాకు బార్బరానమ్మ దగ్గర ఉన్నట్లు, మా ఇంటిలో ఆమెను చూచుచున్నట్లు తోచుచున్నదని బాలుడు తెలిపినాడు. ఆ పాటలు ఇటలీ భాషలోనివి. వానిలో ఒక్క మాటయు అతనికి తెలియదు. విన్న వృద్ధుని కండ్లు చెమ్మగిల్లినవి.

అర్థము తెలియని పాట అమ్మను ఎట్లు చూపినది? తిరువయ్యారులో త్యాగయ్య తెలుగులో కూర్చిన కీర్తనలను విని, తెలుగు రాని తమిళ సోదరులు కన్నీరు తుడుచుకొనుట మనము ఎరిగినదే. మాట వేరు, ఆ మాటను మోసికొని వచ్చు స్వరము వేరు. రెమీకి తల్లి మిగిల్చినది కూడ పాట వరుసయే, మాటలు కొన్నియే. అందుచేత మరియొక భాషలోని మరియొక వరుస ఆ ఖాళీలో వచ్చి అమరినది. మలో దీనిని సిద్ధాంతముగా ఎక్కడను చెప్పలేదు. ఎనిమిదేండ్ల పిల్లవాని నోట నాలుగు మాటలలో పలికించి ఊరకున్నాడు.

అయితే ఈ ఊరటకు ఒక వెల కూడ ఉన్నది. రాత్రి తన ఒంటరితనమును మరపించు పాటనే పగటివేళ సంతలో పాడి రెమీ రొట్టె సంపాదింపవలెను. తూలూజు నగరములో ఒక పోలీసువాడు బాలుని మీద చేయి చేసికొనగా అడ్డుపడిన విటాలిస్‌కు రెండు నెలల చెరసాల పడినది. కుక్కలతోను కోతితోను ఒంటరియైన రెమీ కాలువ గట్టున వీణవంటి హార్పు వాయించుచుండగా, పడవలో పోవుచున్న మిలిగన్ అను ఇంగ్లీషు దొరసాని, కదలలేక పడియున్న తన కుమారుడు ఆర్థర్ వినోదము కొరకు అతనిని పిలిచినది. ఆమె ముచ్చటపడి వినినది, ఆదరించినది. ఆమెయే తన కన్నతల్లి అని రెమీకి తెలియదు. వీడు తన బిడ్డ అని ఆమెకును తెలియదు. పెంచిన తల్లిని తెలియని భాషలోని పాట కూడ జ్ఞప్తికి తెచ్చినది. కన్నతల్లి ఎదుట కూర్చుండి వినినను ఏ జ్ఞాపకమును రాలేదు. మలో ఉద్దేశించి వ్రాసెనో లేదో కాని, నవల అంతటిలో మాకు మిక్కిలి పదునుగా తోచిన సన్నివేశము ఇదియే.

విటాలిస్‌కు ఒక రహస్యము కలదు. చలికాలమున తోడేళ్ళు రెండు కుక్కలను పొట్టన పెట్టుకొన్నవి, కోతికి ఊపిరితిత్తుల జబ్బు చేసినది. దాని వైద్యమునకు డబ్బు లేక ఆ వృద్ధుడు తానే సభలో నిలిచి పాడినాడు. రెమీ ఒక మూలకు పోయి ఏడ్చినాడు. ఒక సంపన్నురాలు బంగారు నాణెము ఇచ్చి, ఇంతటి గాయకుడు ఇక్కడెట్లున్నాడని ఆశ్చర్యపడగా, అతడు అబద్ధమాడి తప్పించుకొన్నాడు. తిరిగి వచ్చుసరికి కోతి చనిపోయియున్నది. ఆ వృద్ధుడు ఒకనాడు ఇటలీ నగరములయందును, లండను, పారిసులయందును పేరుమోసిన కార్లో బాల్జాని అని, గొంతు చెడిన తరువాత సిగ్గుచేత పేరు మార్చుకొని వీథులపాలైనాడని అతని మరణానంతరమే బయటపడినది.

అతని మరణమునకు కారణము గారోఫోలి ఇల్లు. పారిసులో ఆ మనిషి ఇటలీనుండి తెచ్చిన పిల్లలచేత వీథులలో వాద్యములు వాయింపించి, బిచ్చమెత్తించి, సాయంకాలము లెక్క తగ్గినవారిని కొరడాతో కొట్టించును. పొయ్యిమీది కూడు పిల్లలు దొంగిలింపకుండ ఆ కుండ మూతకు తాళము! అక్కడ పాట పిల్లలకు ఊరట కాదు, దెబ్బలు తప్పించుకొను సాధనము. రెమీని ఆ చలికాలమునకు అచ్చట ఉంచవలెనని వచ్చిన విటాలిస్ ఆ కొరడాను చూచి, బాలుని చేయిపట్టుకొని బయటకు నడచినాడు. తల దాచుకొన చోటు లేక ఆ రాత్రియే మంచులో గడ్డకట్టి చనిపోయినాడు. కాపీ తన రొమ్మున వెచ్చగా పండుకొనుటచేత రెమీ బ్రతికినాడు.

1874 డిసెంబరులోనే ఫ్రాన్సులో మరియొక చట్టము చేసినారు. పదునారేండ్లలోపు పిల్లలను గారడీవాండ్రకు, జంతువులను ఆడించువారికి, బిచ్చగాండ్రకు అప్పగించుట దాని ప్రకారము నేరము. మంచి చట్టమే. కాని ఆ చట్టము కంటికి విటాలిసును గారోఫోలియు ఒకటే. ఇద్దరును డబ్బిచ్చి పిల్లలను తెచ్చుకొన్నవారే, ఇద్దరును పాటచేత సంపాదించినవారే. ఒకడు పాటను పిల్లవానికి ఇచ్చినాడు, మరియొకడు పిల్లవానినుండి తీసికొన్నాడు. ఈ భేదమును చూచుటకు చట్టము చాలదు, నవల కావలసివచ్చినది.

తరువాతి కథ వేగముగా చెప్పుకొందము. ఒక తోటమాలి కుటుంబము రెమీని చేరదీసినది. ఆ ఇంటి చిన్నబిడ్డ లీజ్, జబ్బుచేసి నాలుగేండ్లకే మాట పోగొట్టుకొన్నది. రెమీ నేపుల్సు పాట పాడినప్పుడెల్ల ఆ మూగపిల్ల కన్నీరు కార్చును; హుషారు పాట పాడిన నవ్వును. వడగండ్లవాన వారి అద్దాల పందిళ్ళను పగులగొట్టినది, తండ్రి అప్పులపాలై చెరసాలకు పోయినాడు, పిల్లలు చెదరిపోయినారు. గారోఫోలి ఇంట దెబ్బలు తిన్న మత్తియా అను ఫిడేలు బాలునితో కూడి రెమీ మరల బాట పట్టినాడు. ఇద్దరును పాడి వాయించి కూడబెట్టిన సొమ్ముతో ఒక ఆవును కొని బార్బరానమ్మకు తోలుకొని పోయినారు. ఆ ఆవు అధ్యాయమును పిల్లలకు పైకి చదివి వినిపింపుడని తల్లులకు మా సలహా. అటుపిమ్మట వచ్చు లండను దొంగలు, ఆస్తి కొరకు బిడ్డను మాయము చేయించిన పినతండ్రి, ఇవన్నియు నాటి పత్రికా నవలలలోని సరకే. యాదృచ్ఛికములు మితిమీరినవి. ఆ భాగమున మలో చేయి కొంత పలుచనైనదని చెప్పక తప్పదు.

కాని చివరకు రచయిత మరల పాట దగ్గరకే వచ్చినాడు. మిలిగన్ దొరసాని లీజ్‌ను చేరదీసి స్విట్జర్లాండుకు తీసికొనిపోయినదని విని, బాలురిద్దరును అక్కడి సరస్సు చుట్టునుగల ఇండ్ల ముందు పాడుచు తిరిగినారు. వెవే అను ఊరిలో ఒకనాడు రెమీ నేపుల్సు పాట మొదటి చరణము ముగించినాడు. రెండవ చరణము ఎత్తుకొనబోవునంతలో, గోడ ఆవలినుండి సన్నని కంఠము ఒకటి దానిని అందుకొన్నది. ఎన్నడును వినని కంఠము. అది లీజ్ కంఠము. మాట తిరిగి వచ్చినది. మనిషిని చూడక గొంతుచేతనే గుర్తించు అలవాటు గల రేడియో శ్రోతలకు ఈ ఘట్టమును విడమరచి చెప్పనక్కరలేదు. శిశువుగా కట్టిన బట్టల ఆధారముతో తల్లి తేలుట తరువాతి మాట. మా లెక్కకు రెమీ ఇల్లు చేరినది ఆ గోడ ప్రక్కనే.

ఏండ్లు గడచినవి. రెమీ లీజ్‌ను పెండ్లాడినాడు. కొడుకునకు మత్తియా అని పేరు. ఆ శిశువును ఎత్తుకొని పెంచుచున్నది బార్బరానమ్మ. గొప్ప వాద్యకారుడైన మత్తియా ఆనాటి విందుకు వచ్చి ఫిడేలు తీసినాడు. ముసలిదైన కాపీ, పాతరోజులలోవలె పళ్ళెము నోట కరచుకొని, అతిథులందరి ముందును ఒక్కొక్కరి వద్ద ఆగుచు తిరిగినది. ఆ పళ్ళెములో పడిన డబ్బు, వీథులలో పాడుకొని బ్రతుకు పిల్లలకు ఒక ఇల్లు కట్టుటకు.