తల్లిదండ్రుల జ్ఞాపకార్థము

తల్లియో తండ్రియో గతించిన పిదప వారి పేర సత్రములు, చలివేంద్రములు నెలకొల్పుట మన పూర్వాచారము. నయముకాని వ్యాధితో తుదిదినములు గడుపువారి బాధను ఉపశమింపజేయు శుశ్రూషాలయమునకు చందాలు కూర్చుటయు అట్టి ధర్మమేయని మేము తలంచుచున్నాము.

1948లో లండనులో మరణించిన డేవిడ్ టాస్మా అను రోగి, సిసిలీ సాండర్సుకు 500 పౌనులు విడిచి, ఆమె కట్టబోవు గృహమున తానొక కిటికీ అగుదునని చెప్పెను. ఆ గృహమైన సెయింట్ క్రిస్టఫర్ శుశ్రూషాలయము 1967లో తెరువబడెను. బొంబాయిలో 1986లో శాంతి ఆవేదనా సదనము వెలసెను. హైదరాబాదునను నేడిట్టివి కలవు.

భవనమునకు దాతలు దొరకుదురు. నర్సుల జీతము, మార్ఫిను, ఉతికిన దుప్పటి దినదినమును కావలెను. కనుక శిలాఫలకముకంటె, ఏటేట ఆబ్దికమునాడు బంధువులందరును తలాకొంత వేసి పంపు సొమ్మే మేలు. మన తల్లికి దొరకని నిద్ర ఆ రాత్రి మరియొకరి తల్లికి దొరకును.