మన పద్దు ఎవరి చేతిలో?

(ఏలూరులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి ఖర్చుల లెక్క రాసుకోవడానికి సెల్‌ఫోన్‌లో యాప్‌లు వచ్చి చాలాకాలమయింది. ఇప్పుడు పల్లెటూరి స్త్రీల కోసం, పొదుపు సంఘాల సభ్యుల కోసం ప్రత్యేకంగా అలాంటివి తయారు చేస్తామని కంపెనీలు, బ్యాంకులు, దాతృత్వ సంస్థలు ముందుకొస్తున్నాయి. తయారు చేసే ముందు వాళ్ళు వాడబోయేవాళ్ళ దగ్గరికి వచ్చి ప్రశ్నలడుగుతారు. వాళ్ళను ఊళ్ళోకి తీసుకెళ్ళేది మనమే. అరుగు మీద చాప పరిచి ఆడవాళ్ళను కూర్చోబెట్టేది మనమే. కనక ఆ ప్రశ్నలు ఏమిటి, వాటిని ఎలా అడగాలి, జవాబులు ఎక్కడికి పోతాయి అన్నవి మనం పట్టించుకోవలసిన విషయాలు.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. "ఆడవాళ్ళకు లెక్క రాసే అలవాటు లేదు, మనం నేర్పాలి" అనే మాటతో ఇలాంటి ప్రయత్నాలు మొదలవుతుంటాయి. మన ఇళ్ళల్లో చదివింపుల పుస్తకం తీసి చూడండి. మన పెళ్ళికి ఎవరు ఎంత చదివించారో, వాళ్ళింట్లో శుభకార్యానికి మనం ఎంత తిరిగి చదివించాలో ఏళ్ళ తరబడి లెక్క అందులో ఉంటుంది. పాల లెక్క క్యాలెండరు మీద, కిరాణా కొట్టు ఖాతా చిన్న పుస్తకంలో, చేబదుళ్ళు నోటి మీద నడుస్తాయి. చీటీ ఏ నెలలో పాడుకుంటే ఎంత నష్టమో చదువురాని స్త్రీ కూడా వేళ్ళ మీద చెబుతుంది. లెక్క లేకపోవడం సమస్య కాదు. స్త్రీల లెక్కను లెక్కగా గుర్తించకపోవడమే సమస్య.

మన పక్కనే ఉన్న నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారు చేస్తున్న స్త్రీలను తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడడం వల్లనే వాళ్ళ కూలి అంత తక్కువగా ఉంచగలిగారని ఆమె చూపించింది. పని కనబడకపోతే కూలి దక్కదు. డబ్బు నడిపే తెలివీ అంతే. అది కనబడకపోతే "మీకు మేం నేర్పుతాం" అంటూ ఎవరో ఒకరు వస్తారు.

రెండో విషయం "నెల". ఈ యాప్‌లు తెరవగానే "మీ నెల ఆదాయం ఎంత?" అని అడుగుతాయి. అది నెలజీతగాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన ప్రశ్న. డెల్టాలో కూలికి వెళ్ళే స్త్రీకి సార్వా, దాళ్వా నాట్లప్పుడు నాలుగు డబ్బులు కనబడతాయి. కోతలకు యంత్రాలు వచ్చాక ఆ పనిదినాలు తగ్గాయి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో సరుకు దిగితేనే పని. కొల్లేరు చుట్టుపక్కల చెరువు పట్టిన రోజున డబ్బు, తర్వాత వారాల తరబడి ఖాళీ. రొయ్యల షెడ్డుల్లో పని రొయ్య ధరతో పాటు పైకీ కిందికీ పోతుంది. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన తల్లికి, అక్కడినుంచి డబ్బు వచ్చినప్పుడే నెల మొదలవుతుంది.

'పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్' అనే పుస్తకం 2009లో వచ్చింది. బంగ్లాదేశ్, ఇండియా, దక్షిణాఫ్రికాల్లో 250కి పైగా కుటుంబాల దగ్గరికి పదిహేను రోజులకోసారి చొప్పున ఏడాది పాటు వెళ్ళి, వచ్చిన ప్రతి రూపాయీ పోయిన ప్రతి రూపాయీ రాసి తయారు చేసిన పుస్తకం అది. ఆదాయం తక్కువ కావడం ఒక్కటే కష్టం కాదనీ, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఇంకో పెద్ద కష్టమనీ వాళ్ళు తేల్చారు. ఒక్కో కుటుంబం కనీసం నాలుగు రకాల పొదుపులు, అప్పులు, చేబదుళ్ళు కలిపి నడుపుతోందని కూడా చూశారు. ఒక మధ్యాహ్నం వచ్చి, ఇరవై ప్రశ్నలు అడిగి, ఫొటోలు తీసుకుని వెళ్ళేవాళ్ళకు ఇది ఎప్పటికీ తెలియదు.

కొల్లేరు సంగతే తీసుకోండి. 1999లో ఐదో కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేరుకు చేరినప్పుడు లంక గ్రామాలకు రాకపోకలు తెగిపోయాయి. ఇలాంటి చోట బతికే స్త్రీకి "వచ్చే నెల ఖర్చు ప్రణాళిక" వేసుకోమని చెప్పడం కన్నా, "కిందటిసారి పని ఆగిపోయినప్పుడు ఏం చేశావు? మొదట ఎవరిని అడిగావు? ఏది తాకట్టు పెట్టావు? విడిపించుకోవడానికి ఎన్నాళ్ళు పట్టింది?" అని అడగడం మేలు. "మామూలుగా ఎంత?" అంటే మనకు నచ్చే జవాబు వస్తుంది. "కిందటిసారి ఎంత?" అంటే నిజం వస్తుంది.

మూడో విషయం ఫోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కాని ఇంట్లో ఫోను ఉండడం వేరు, అది ఆమె చేతిలో ఉండడం వేరు. పగలు కొడుకు దగ్గర, రాత్రి భర్త దగ్గర ఉండే ఫోనులో ఆమె పద్దు రాస్తే అది ఎవరి పద్దు?

చదువు విషయంలో ఒక మంచి ఉదాహరణ ఉంది. బెంగుళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇంద్రాణి మేధి, ఆమె సహచరులు 2006లో స్త్రీ జాగృతి సమితి అనే సంస్థ సాయంతో ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలతో కలిసి పనిచేసి, అక్షరాలు లేని కంప్యూటరు తెరలు తయారు చేశారు. చదవలేనివాళ్ళు కూడా అంకెలు గుర్తుపడుతున్నారని గమనించి అంకెలు ఉంచారు, మిగిలినదంతా బొమ్మలతోనూ మాటతోనూ చెప్పించారు. ఏ బొమ్మ దేన్ని సూచిస్తుందో ఆ స్త్రీలనే అడిగి తెలుసుకున్నారు. ఎదురుగా ఒక మహిళా సంస్థ ఉన్నప్పుడు పరిశోధన ఎంత మారుతుందో చూడండి.

ఇక అన్నిటికన్నా కష్టమైన విషయానికి వస్తాను. పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో, పుట్టింట్లో, నమ్మకమైన పొరుగావిడ దగ్గర స్త్రీలు డబ్బు దాస్తారు. ఎవరికీ తెలియకుండా దాస్తారు కనకే అది మిగులుతుంది. పిల్ల ఫీజు, ఆసుపత్రి ఖర్చు, దెబ్బలు తిన్న రాత్రి పుట్టింటికి వెళ్ళే బస్సు చార్జీ అందులోనుంచే వస్తాయి. సారా మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన పోరాటం మనకు గుర్తే. తాగుడుకు పోయే డబ్బు ఇల్లు చేరాలన్నదే ఆ స్త్రీల మొదటి బడ్జెట్టు. అలాంటి ఇంట్లో ఆమె దాచిన మొత్తం ఫోను తెర మీద పెద్ద అంకెల్లో మెరిస్తే, "మీ నిల్వ ఇంత" అని మెసేజీ మోగితే, ఆమెకు జరిగేది మేలు కాదు. పద్దు యాప్ తయారు చేసేవాళ్ళు "ఈమె పక్కన ఎవరు కూర్చుని చూస్తారు?" అని మొట్టమొదట ఆలోచించాలి. దాచుకునే హక్కు కూడా ఒక హక్కే.

బయటివాళ్ళ చూపు ఇంకొకటి. 2015లో నాబార్డు ఈ-శక్తి పేరుతో జార్ఖండ్‌లోని రామ్‌గఢ్, మహారాష్ట్రలోని ధూలే జిల్లాల్లో సంఘాల పుస్తకాలను కంప్యూటరు ఎక్కించడం మొదలుపెట్టింది. లెక్క స్పష్టంగా ఉంటే బ్యాంకు అప్పు తొందరగా వస్తుంది. అందులో మేలు ఉంది. కాని ఆ లెక్క ప్రధానంగా అప్పిచ్చేవాడి కోసం. ఒక స్త్రీ తన సొంత పద్దు రాసుకుంటే అది కూడా అప్పిచ్చేవాడి బల్ల మీదికి చేరితే? మైక్రో ఫైనాన్స్ కంపెనీల వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, 2010 అక్టోబరులో మన రాష్ట్రం తెచ్చిన ఆర్డినెన్సు మనం మరిచిపోలేదు. ఆ తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. ఫోనులోని పేర్లూ ఫొటోలూ లాక్కుని, బంధువులకు ఫోన్లు చేసి, బొమ్మలు మార్చి పంపి పరువు తీశాయి. అప్పిచ్చే యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, ఫైళ్ళ జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు, సమాచారం చెరిపించుకునే హక్కు రాసి ఉన్నాయి. దాని అమలు దశలవారీగా పెట్టారు. వీటిని తెలుగులో, సంఘం సమావేశంలో, నోటితో చెప్పవలసిన బాధ్యత మనది.

కనక ఎవరైనా ప్రశ్నల కాగితం పట్టుకుని వస్తే మనం పెట్టవలసిన షరతులు కొన్ని చెబుతాను. పని మానుకుని కూర్చున్న స్త్రీకి ఆ పూట కూలి ఇవ్వాలి. భర్త, అత్త, సంఘ నాయకురాలు పక్కన లేని చోట మాట్లాడాలి. నాయకురాలి ముందు ఎవరూ బయటి అప్పు సంగతి చెప్పరు. పేరు, ఆధార్, ఫోను నంబరు రాసుకోకూడదు. సార్వా, దాళ్వా రెండూ చూడాలి, వరదల కాలం కూడా చూడాలి. అంటే కనీసం ఏడాది. చివరికి తేలినదేమిటో అదే ఊరికి వచ్చి, అదే చాప మీద కూర్చుని చెప్పాలి. వద్దు అన్న స్త్రీ మాటను జవాబుగా రాసుకోవాలి, ఎందుకు వద్దందో అర్థం చేసుకోవాలి.

పద్దు రాస్తే కూలి పెరగదు. ఈ మాట గట్టిగా చెప్పకపోతే "పొదుపుగా ఖర్చు పెట్టలేదు కనకే పేదరికం" అనే నింద మళ్ళీ ఆడవాళ్ళ నెత్తి మీదికే వస్తుంది. కాని పద్దుకు ఇంకో ఉపయోగం ఉంది. షెడ్డులో ఎన్ని కిలోలు ఒలిచిందో, ఎన్ని గంటలు నిలబడిందో, చేతికి ఎంత వచ్చిందో ఆమె రోజూ రాసుకుంటే, పదిమందివి కలిపితే, అది కనీస వేతనం అడగడానికి సాక్ష్యం అవుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి పద్దు రాయమని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. రావలసింది ఎంతో తేల్చే పద్దు కావాలని అడగవలసింది మనం. రేపు ఎవరైనా ఫోను చేతికిచ్చి "ఇందులో ఏం ఉంటే బాగుంటుందమ్మా?" అని అడిగితే, మన స్త్రీలు మొదట అదే చెప్పేలా చూద్దాం.